నొప్పిమాత్రయు రక్తములోని తెల్లకణములును

చలికాలము వచ్చినచో నా మోకాళ్లు వాచును. అంగడికి పోయి యొక మాత్ర తెచ్చి మ్రింగుదును. కొంతసేపటికి నొప్పి తగ్గును. మీలో ననేకులు నిట్లే చేయుచుందురు. ఆ మాత్ర మోకాలిని వెదకికొని పోవునని నేను చిరకాలము నమ్మియుంటిని. అట్లు కాదు, అది రక్తముతో దేహమంతటను సంచరించును.

ఆస్పిరిన్ 1899 నుండియు అమ్మకమున నున్నను, అది చేయు పని యేమో 1971 వరకు తెలియలేదు. ఆ సంవత్సరమున లండనులో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు గినీపందుల ఊపిరితిత్తులను నూరి తీసిన ద్రవముతో పరీక్షలు చేసి, ప్రోస్టాగ్లాండినులు అను పదార్థములు పుట్టకుండ ఈ మందు అడ్డగించుచున్నదని చూపెను. ఇందులకే 1982లో మరి యిద్దరు స్వీడను దేశస్థులతోపాటు ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఈ పదార్థములే గాయమైనచోట రక్తనాళములను వెడల్పు చేసి, నొప్పిని తీవ్రము చేయును. రక్తములోని తెల్లకణములును వీనిని తయారుచేయును.

ఊరిలో తాటాకిల్లు అంటుకొన్నదనుకొనుడు. మొదట కడవలతో పరుగెత్తి వచ్చువారు మంటను ఆర్పుదురు గాని, ఆ తొందరలో ప్రక్కవాని కంచెను సైతము త్రొక్కివేయుదురు. మరునాడు వచ్చువారు వేరు. వారు బూడిద నెత్తి, కాలిన వాసములను లాగివేయుదురు. దేహములోను అంతియే. న్యూట్రోఫిలులు ముందు వచ్చును. మాక్రోఫేజులు పిమ్మట పెక్కుగా వచ్చి, చచ్చిన న్యూట్రోఫిలులను మ్రింగి, చోటు శుభ్రము చేయును.

1999లో లండను శాస్త్రజ్ఞులు ఎలుకల రొమ్ములో, ఊపిరితిత్తుల చుట్టునుండు ఖాళీలో, సముద్రపు నాచునుండి తీసిన పదార్థమును ఎక్కించి వాపు పుట్టించిరి. ప్రోస్టాగ్లాండినులను చేయు ఎంజైము రెండు గంటలకు హెచ్చెను. ఆశ్చర్యమేమనగా, వాపు తీయుచున్న 48 గంటల కాలమున అది మరల హెచ్చెను; అదియు మొదటికంటె మిక్కిలిగా! ఆస్పిరిన్ జాతిదైన ఇండోమెథాసిన్ అను మందును ఆరంభమున నిచ్చినపుడు వాపు తగ్గెను. ఆ మందునే చివరి దశలో నిచ్చినపుడు వాపు ముదిరెను. మొదటి దశలో పుట్టు ప్రోస్టాగ్లాండినులు వాపును పెంచుచుండగా, కడపట పుట్టునవి యికచాలునని కణములకు తెలుపునట్టివి. మందు రెంటిని వేరుచేసి చూడలేదు. వచ్చినదాని నెల్ల ఆపివేసినది.

పారాసిటమాల్ ఈ లెక్కలోనిది కాదు. అది నొప్పిని, జ్వరమును తగ్గించును గాని, వాపుమీద దాని బలము స్వల్పము.

ఎలుక యొక్క రెండు దినములు మనుష్యునకు ఎన్ని దినములకు సమానమో ఈ ప్రయోగము చెప్పదు. నా మోకాలి వాపో, ఏండ్ల తరబడి యున్నది. ఎలుకకు పుట్టించినదానివంటిది కాదు. కావున నేను మాత్రను మానలేదు. గాని పోయిన యేడు గట్టుమీద కాలు బెణికినపుడు, నాలుగవ దినమున మాత్ర చేత బట్టుకొని, ఇది నొప్పికా, అలవాటునకా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. నొప్పి యంతగా లేదు. మాత్రను డబ్బాలోనే పెట్టితిని.