గ్రెట్జ్‌కీ ఊళ్ళో బాబీ ఆర్ పార్టీ

వేన్ గ్రెట్జ్‌కీ ఉన్న జట్టుని ఓడించమని కెనడాలోని ఎడ్మంటన్‌లో ఓట్లడగడం ఎంత కష్టమో ఈ ఊరికొస్తేగానీ తెలీదు. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డుకే ఆయన పేరు పెట్టారు. హాకీ స్టేడియం బయట, లీగు విజేతలకిచ్చే స్టాన్లీ కప్పుని తలమీదికెత్తి పట్టుకున్న ఆయన కంచు విగ్రహం ఉంది. 1988 ఆగస్టు 9న ఆయన్ని ఇక్కడి జట్టు లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసిన సంగతి ఇక్కడి పెద్దవాళ్ళు ఇంట్లో మనిషి పోయినట్టే చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో, ఆయన లేని జట్టొకటి కట్టి ఫైనల్ దాకా లాక్కొచ్చాను. ఎదురుగా ఆయన జట్టే వచ్చి కూర్చుంది.

ముందు ఈ ఆటేమిటో చెప్పాలి. మన దగ్గర హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక, బంతి. ఇక్కడ హాకీ అంటే మంచు, కాళ్ళకి స్కేట్లు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ. జట్టుకి ఒక గోలీ, ఇద్దరు డిఫెన్స్‌మన్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు, వెరసి ఆరుగురు ఒకసారి మంచు మీదుంటారు. ఆ వేగానికి ముప్పావు నిమిషంలోనే ఊపిరందదు. అందుకని గోలీ తప్ప మిగతావాళ్ళు గోడ దూకి బయటికొస్తూ, లోపలికెళ్తూ ఉంటారు. ఎవరి మీదికి ఎవరిని దింపాలన్నది కోచ్ చూసుకుంటాడు. ఈ దింపుడు వ్యవహారం గుర్తుపెట్టుకోండి, మా గొడవంతా చివరికి దాని దగ్గరికే వచ్చింది.

ఫోన్‌లో ఆడే ఫ్యాంటసీ క్రికెట్‌లో రేపటి మ్యాచ్‌లో కొట్టే పరుగులు మనకి పాయింట్లవుతాయి. మా ఆఫీసులో ఆడేదాన్లో అసలు మ్యాచే ఉండదు. నూరేళ్ళకి పైబడిన చరిత్రలోంచి, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ కలిపి, పదహారు మందిమి వంతులవారీగా పేర్లు ఎంచుకుంటాం. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి దొరకదు. తలా ఇరవై మంది ఆటగాళ్ళు, ఒక కోచ్. ఒక రౌండు ఒకటి నుంచి పదహారు దాకా నడిస్తే తర్వాతి రౌండు వెనక నుంచి ముందుకి నడుస్తుంది. జట్లు కుదిరాక ముందు లీగు దశ, తర్వాత జతలు కట్టి ప్లేఆఫ్‌లు, ఏడు మ్యాచ్‌ల సిరీస్. ఎవరి జట్టు ఎందుకు గెలుస్తుందో ఇద్దరు యజమానులూ వాదిస్తారు, మిగతావాళ్ళు విని ఓటేస్తారు. అంతే. డబ్బుల్లేవు. పరువు మాత్రం బాగానే పోతుంది.

జీతాల లెక్కలు చూసే దాన్ని కాబట్టి అంకెల మీద నాకు నమ్మకం తక్కువ. ఏ అంకె వెనక ఏ సర్దుబాటు ఉందోనని అనుమానం. ఈ ఆటకి ఆ అనుమానమే పెట్టుబడి.

చీటీల్లో ఒకటో నంబరు మా గోదాము ఫోర్‌మన్‌కి వచ్చింది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. కుర్రతనంలో ఇక్కడి పాత స్టేడియం కొలీజియంలో చవక టిక్కెట్టు కొని గ్రెట్జ్‌కీని కళ్ళారా చూసినవాడు. చీటీ విప్పకముందే పేరు చెప్పేశాడు. రెండో నంబరు నాది. నేను బాబీ ఆర్‌ని తీసుకున్నాను.

గ్రెట్జ్‌కీ అంకెలు వింటే మొదట ఎవరికైనా నోట మాట రాదు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద లీగులో 894 గోల్స్, మరో 1,963 గోల్స్‌కి అందించిన పాసులు, మొత్తం 2,857 పాయింట్లు. ఆయన గోల్స్ అన్నీ తీసి పక్కన పెట్టినా, ఉత్త పాసుల లెక్కే మరే ఆటగాడి మొత్తం పాయింట్లకన్నా ఎక్కువ. గోల్స్ రికార్డు 2025 ఏప్రిల్‌లో ఓవెచ్కిన్ దాటేశాడు గానీ మిగతావాటి జోలికి పోయేవాడు కనుచూపు మేరలో లేడు. మనిషి సన్నగా ఉండేవాడు, మరీ బలవంతుడేం కాదు. ప్రత్యర్థి గోలు వెనకాలికి పక్ తీసుకెళ్ళి నిలబడేవాడు. ఆ చోటుని జనం గ్రెట్జ్‌కీ ఆఫీసు అనేవాళ్ళు. గోలీ వెనక్కి తిరిగి ఆయన్ని చూస్తే ముందున్నవాడు కనబడడు, ముందుకి చూస్తే ఆయన కనబడడు. ఆ ఒక్క క్షణం చాలు, పక్ సహచరుడు యారి కురీ స్టిక్ మీదుండేది.

ఇక్కడే నా అనుమానం మొదలు. గ్రెట్జ్‌కీ 215 పాయింట్లు చేసిన 1985-86లో ఒక్కో మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి దాదాపు 8 గోల్స్ కొట్టేవి. 2003-04 నాటికి అది 5కి కొంచెం పైన ఉంది. ధరలు పెరిగిన ఏడాది జీతాన్ని పాత జీతంతో పోల్చినట్టుంటుంది ఇది. కాబట్టి మేం చూసేది మొత్తం కాదు, ఆ ఏడాది రెండోవాడికన్నా ఎంత ముందున్నాడని. ఆ లెక్కలోనూ గ్రెట్జ్‌కీ తగ్గడు, ఒప్పుకోవాలి. ఆ ఏడాది రెండో స్థానంలో ఉన్న లెమ్యూకి 141 పాయింట్లు.

మరి ఆర్ ఏం చేశాడు? ఆయన డిఫెన్స్‌మన్, గోలు కాపాడాల్సినవాడు. 1969-70లో 120 పాయింట్లతో లీగు మొత్తంలో మొదటివాడయ్యాడు. అంతకుముందు ఏ డిఫెన్స్‌మన్‌కీ చేతకాలేదు. 1974-75లో ఆయనే మళ్ళీ చేశాడు. ఆ తర్వాత ఇంకెవరూ చెయ్యలేదు. వరసగా ఎనిమిదేళ్ళు ఉత్తమ డిఫెన్స్‌మన్. మోకాలు పాడై 657 మ్యాచ్‌లకే కెరీర్ అయిపోయింది. ఫోర్‌మన్ మొదటి దెబ్బ అక్కడే కొట్టాడు, తొమ్మిదేళ్ళ మనిషిని ఇరవయ్యేళ్ళ మనిషితో ఎలా పోలుస్తావని. నా జవాబు ఒకటే. మనం ఆడుతున్నది రెండు వారాల సిరీస్, పెన్షన్ పథకం కాదు. పైగా మంచి ఫార్వర్డ్ మ్యాచ్‌లో మూడో వంతో, ఇంకాస్తో ఆడతాడు. ఆర్ దాదాపు సగం మ్యాచ్ మంచు మీదే ఉండేవాడు.

నా తర్వాతి పేరు 31వది. ఫ్రాంక్ నైబర్ అన్నాను. గదిలో సగం మందికి ఆ పేరే తెలీదు.

నైబర్ 1910లు, 20ల నాటి సెంటర్, అంటే మధ్యలో ఆడే ఫార్వర్డ్. ఆటావా జట్టు. ఎదుటివాడి స్టిక్ మీదున్న పక్‌ని తన స్టిక్ కొనతో పొడిచి లాగేసుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడని ఆనాటి పత్రికలు రాశాయి. మీద పడి గుద్దేవాడు కాదు. 1924లో మొట్టమొదటి హార్ట్ ట్రోఫీ, అంటే లీగులో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి, ఆయనకే వచ్చింది. మరుసటేడు గవర్నర్ జనరల్ భార్య లేడీ బింగ్ ఆయన్ని భవనానికి పిలిపించి, పెద్దమనిషి తరహాలో ఆడేవాళ్ళకి ఈ కప్పు ఇస్తే లీగు ఒప్పుకుంటుందా అని అడిగిందట. ఒప్పుకుంటుందని ఆయన అనగానే, అయితే మొదటిది మీకే అని చేతిలో పెట్టిందట. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన గోల్స్ 139, పాసులు 98. ఇవి చదివి ఒకాయన నవ్వాడు. 1920ల మొదట్లో సీజనుకి 24 మ్యాచ్‌లుండేవి. ప్రత్యర్థి గోలు దగ్గర పక్‌ని ముందుకి పాస్ చెయ్యడమే నిషేధం, 1929-30లోగానీ ఆ నిబంధన తియ్యలేదు. గ్రెట్జ్‌కీని ఆ నిబంధనలో ఆడించి చూడమన్నాను. నవ్వు ఆగింది.

ఫోర్‌మన్‌కి వరసగా 32, 33 వచ్చాయి. డిఫెన్స్‌మన్ డెనిస్ పాట్విన్‌ని, గోలీ టెరీ సావ్‌చుక్‌ని తీసుకున్నాడు. 34లో నేను గోలీ కెన్ డ్రైడెన్‌ని తీసుకున్నాను. 63 నాది, 64 ఆయనది. గ్రెట్జ్‌కీ తోడు కురీ ఇంకా మిగిలే ఉన్నాడు. లాగెయ్యి, లాగెయ్యి అని పక్క బల్లవాళ్ళు నన్ను ఎగదోశారు. నేను బాబ్ గేనీని తీసుకున్నాను. గ్రెట్జ్‌కీ పాసుల్లేని కురీ నాకు ఎందుకు? గేనీ ఎడమ వింగర్, కురీ కుడి వింగర్, ఇద్దరూ ఎదురెదురుగా పడతారు. గోల్స్ ఆపే ఫార్వర్డ్‌కి సెల్కీ ట్రోఫీ ఇవ్వడం మొదలెట్టాక మొదటి నాలుగేళ్ళూ గేనీకే దక్కింది. కోచ్‌గా స్కాటీ బోమన్. గేనీనీ డ్రైడెన్‌నీ మాంట్రియల్‌లో ఆడించింది ఆయనే, తొమ్మిది స్టాన్లీ కప్పుల మనిషి.

మిగతా పేర్లతో విసిగించను.

గోలీల మీద వాదన మాత్రం ఒక సాయంత్రం మింగేసింది. డ్రైడెన్ 397 మ్యాచ్‌లాడితే ఓడినవి 57. అంత బలమైన మాంట్రియల్ జట్టు ముందుంటే మా అబ్బాయి నిలబడ్డా గెలుస్తారన్నాడు ఫోర్‌మన్. అది న్యాయమైన ప్రశ్నే. గోలీ గెలుపులు సగం ముందున్నవాళ్ళవే. కానీ 1971లో డ్రైడెన్ లీగులో ఆరే మ్యాచ్‌ల అనుభవంతో ప్లేఆఫ్‌లకొచ్చి, మొదటి రౌండులోనే ఆర్, ఎస్పొజిటోలున్న బోస్టన్‌ని ఇంటికి పంపాడు. అప్పుడు ముందున్నది తర్వాతి మాంట్రియల్ కాదు. అటు సావ్‌చుక్ 1952 ప్లేఆఫ్‌లలో ఎనిమిది మ్యాచ్‌లలో అయిదే గోల్స్ ఇచ్చాడు, ఎనిమిదీ గెలిచారు, సొంత మంచు మీద ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. అదీ మొహానికి ముసుగు లేకుండా. నా ఓటయినా గోలు దగ్గర సావ్‌చుక్‌కే. వాదనలో మాత్రం ఆ మాట అనలేదు.

గ్రెట్జ్‌కీని ఆపడం కుదురుతుందా? కుదిరింది. 1983 ఫైనల్లో న్యూయార్క్ ఐలాండర్స్ ఎడ్మంటన్‌ని నాలుగుకి నాలుగూ ఓడించారు, గ్రెట్జ్‌కీ ఒక్క గోలూ కొట్టలేదు. ఆ ఐలాండర్స్ కెప్టెన్ ఎవరో తెలుసా? పాట్విన్. ఇప్పుడు ఫోర్‌మన్ జట్టులో ఉన్నాడు కాబట్టి గ్రెట్జ్‌కీకి ఆ బెడద లేదు. అందుకే నాకు నైబర్ కావాలి. గ్రెట్జ్‌కీ దిగినప్పుడల్లా నైబర్, గేనీ దిగాలి, వెనక ఆర్ ఉండాలి. పక్ ఎక్కువసేపు మా దగ్గరుంటే ఆ ఆఫీసు తెరుచుకోదు.

ఫోర్‌మన్ దానికి నా కోచ్‌నే సాక్ష్యం తెచ్చాడు. 1970 ఫైనల్లో సెయింట్ లూయిస్ కోచ్ బోమన్. ఎదుటిది బోస్టన్. మొదటి మ్యాచ్‌లో ఆర్ ఎటెళ్తే అటు వెళ్ళమని జిమ్మీ రాబర్ట్స్‌ని అంటగట్టాడు. ఆర్ చాలామటుకు కట్టడి అయ్యాడు. బోస్టన్ 6-1తో గెలిచింది. ఒకడికి ఒకణ్ణి కట్టేస్తే మంచు మీద మిగిలేది నలుగురికి నలుగురు, ఆ నలుగురే మ్యాచ్ ఊడ్చేశారు. గ్రెట్జ్‌కీకి నైబర్‌ని కడితే నా రెండో వరస వచ్చి నీ పని పడుతుందన్నాడు. మంచి దెబ్బ. కానీ రాబర్ట్స్‌కి వేరే పనేం లేదు, వెంటపడటమే. నైబర్ అలా కాదు, పక్ లాగేసుకుని అక్కణ్ణుంచి తనే దాడి మొదలెట్టే రకం.

ఓటేసింది పద్నాలుగు మంది. ఎనిమిది ఫోర్‌మన్‌కి, ఆరు నాకు. ఎడ్మంటన్‌లో గ్రెట్జ్‌కీ మీద ఆరు ఓట్లంటే తక్కువేం కాదు.

ఆ ఎనిమిది మందిలో చాలామంది సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్తుందనే రాశారు. ఒకావిడ రాసిన కారణం అందర్నీ తిప్పింది. లీగు దశలో ఫోర్‌మన్ జట్టుకి మొదటి స్థానం వచ్చింది, కాబట్టి ఏడో మ్యాచ్ వాళ్ళ మంచు మీదే. ఆట ఆగినప్పుడు ముందు అతిథి జట్టు మనుషుల్ని దింపాలి, తర్వాత ఇంటి జట్టు. అంటే నైబర్ దిగడం చూసి గ్రెట్జ్‌కీని దింపరు. నైబర్ కూర్చున్నాక దింపుతారు.

నియమం ఆవిడ సరిగ్గానే చెప్పింది. కానీ అది ఆట ఆగినప్పటి సంగతి. ఆట నడుస్తుండగా ఎవరు ఎప్పుడైనా గోడ దూకొచ్చు, దానికి వరసా లేదు, ఇంటి జట్టని మర్యాదా లేదు. గ్రెట్జ్‌కీ మంచు మీద కాలు పెట్టిన మూడు సెకన్లకి బోమన్ నైబర్ భుజం తడతాడు. ఈ మాట ఓటింగు ముగిశాక తట్టలేదు నాకు, ముందే రాశాను, అందరికీ ఇచ్చిన నా వాదన రెండో పేజీలో. ఎనిమిది మందిలో ఎంతమంది రెండో పేజీ తిప్పారో ఫోర్‌మన్‌నే అడిగితే, టీ తాగుతూ ముగ్గురన్నాడు.