తెరిచినప్పుడే మార్పు : పాత రికార్డులను క్రమంగా కొత్త రూపంలోకి తేవడం

డేటాబేస్‌లో ఒక్కొక్క వ్యక్తి వివరాలను ఒక్కొక్క రికార్డుగా ఎలా ఉంచుతారో మీరు ఇంతకుముందు చదివారు. అయితే ఒకసారి నింపిన రికార్డు ఎల్లకాలం అలాగే ఉండిపోదు. బయట పరిస్థితులు మారితే రికార్డునూ మార్చవలసి వస్తుంది. అప్పటికే నిల్వ ఉన్న లక్షల రికార్డుల సంగతేమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సహకార సంఘం 2014లో తన సభ్యుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించిందనుకోండి. ఏటూరునాగారం మండలానికి చెందిన సభ్యుని రికార్డులో జిల్లా 'వరంగల్' అని ఉంటుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుండి 31 అయ్యాయి. ఆ మండలం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడగా అందులో చేరింది. మనిషి ఊరు కదలలేదు, జిల్లా మాత్రం రెండుసార్లు మారింది.

పని ఆపి, ఒకే రాత్రిలో అన్ని రికార్డులనూ మార్చడం ఒక పద్ధతి. కొద్ది వేల రికార్డులే ఉంటే ఇదే మేలు. వేరే పద్ధతి కోసం తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. కాని లక్షల రికార్డులుండి, పని ఆపడానికి వీలులేనప్పుడు రెండో పద్ధతిని అనుసరిస్తారు. అదేమిటంటే, ఏ రికార్డు అవసరమైతే దానిని అప్పుడే మార్చడం.

ఇందుకోసం ప్రతి రికార్డుకు ఒక 'రూప సంఖ్య' ఇస్తారు. 2014 నాటి రికార్డుకు 1, 2016 మార్పు జరిగినదానికి 2, 2019 మార్పు జరిగినదానికి 3. సభ్యుడు కౌంటరు దగ్గరకు వచ్చినప్పుడు ప్రోగ్రాము అతని రికార్డును తెరిచి, ముందుగా ఈ సంఖ్యను చూస్తుంది. 3 ఉంటే నేరుగా పనిలోకి దిగుతుంది. 2 ఉంటే ఒక మార్పు చేస్తుంది. 1 ఉంటే మొదట 1 నుండి 2కు, తరువాత 2 నుండి 3కు మార్చి, కొత్త రూపంలో భద్రపరుస్తుంది. 2016లో కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి కాబట్టి, కొందరి విషయంలో పాత మండలం పేరును బట్టి కొత్త చిరునామా తేలదు. సభ్యుడు ఎదురుగా ఉంటే అడిగి రాసుకోవచ్చు. రాత్రిపూట నడిచే ప్రోగ్రాము ఎవరిని అడుగుతుంది?

పాస్‌వర్డుల విషయంలో ఈ పద్ధతి మరింత అవసరం. పాస్‌వర్డును తిరిగి చదవడానికి వీలులేని 'హాష్' రూపంలో దాస్తారు. పాత హాష్ నుండి పాస్‌వర్డును రాబట్టలేము. యజమాని దానిని టైపు చేసిన క్షణంలో మాత్రమే బలమైన కొత్త హాష్ తయారుచేయగలం. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5లో, హాష్ పాతదా అని చెప్పే ఫంక్షను ఇందుకే చేర్చారు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. సంఘానికి నాలుగు శాఖలున్నాయనుకోండి. ఒక శాఖలో కొత్త ప్రోగ్రాము పెట్టగానే అది రికార్డులను రూపం 3లో రాయడం మొదలుపెడితే, పాత ప్రోగ్రాము నడుస్తున్న మిగతా మూడు శాఖలూ వాటిని చదవలేకపోవచ్చు. కాబట్టి మొదట అన్ని శాఖలకూ కొత్త రూపాన్ని చదవడం నేర్పాలి, ఆ తరువాతే రాయడం ప్రారంభించాలి. రెండు శాఖలు ఒకే రికార్డును ఒకేసారి తెరిచి మార్చినా ఫలితం ఒకటే వచ్చేలా చూసుకోవాలి.

'ములుగు జిల్లా సభ్యులెందరు?' అని లెక్క అడిగితే, ఎవరూ తెరవని రికార్డులు ఇంకా వరంగల్ కిందే కనబడి లెక్క తప్పుతుంది. ఏళ్ల తరబడి సంఘానికి రాని సభ్యుల రికార్డులు వాటంతట అవి మారవు. అందువల్ల కొంతకాలం గడిచాక, మిగిలినవాటిని రద్దీ లేని వేళల్లో కొన్ని కొన్నిగా మార్చివేయాలి. సమాచారం చాలనివాటిని విడిగా జాబితా వేయాలి. రూపం 1, 2లలో ఒక్క రికార్డు కూడా లేదని లెక్కించి చూశాకే ప్రోగ్రాములోని పాత భాగాన్ని తొలగించాలి.

ప్రశ్న : ఒక రికార్డును 2017లో ఒకసారి, మళ్లీ 2021లో ఒకసారి తెరిచారు. 2021లో దానికి ఎన్ని మార్పులు జరుగుతాయి? ఎందుకు?