మత్తులోనున్న ఎలుక: ఊపిరి చూడవలెనా, గుండె చూడవలెనా?

ప్రయోగశాలలో ఎలుకకు శస్త్రచికిత్స చేయవలసివచ్చినపుడు, బాధ తెలియకుండుటకు మత్తుమందు ఇత్తురు. మత్తు చాలకున్న ఆ ప్రాణి బాధపడును, ఎక్కువైన మరణించును. ఈ రెంటి నడుమ దానిని నిలుపుటకు ఏ గుర్తును కనిపెట్టుచుండవలెను?

ఈ ప్రశ్నకు హైదరాబాదులో పెద్ద చరిత్ర కలదు. అక్కడి వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారమ్ ఇచ్చునపుడు శ్వాసను కనిపెట్టిన చాలునని నమ్మెను. దీనిని తేల్చుటకు 1888లో ఒక సంఘము, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1889లో రెండవ సంఘము పనిచేసినవి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. కుక్కలు, కోతులు మొదలగు నాలుగువందలకు పైగా జంతువులను పరీక్షించి, శ్వాస ఆగిన తరువాతనే గుండె ఆగునని వారు నిర్ణయించిరి. కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగములు, క్లోరోఫారమ్ మత్తు తేలికగా ఉన్నపుడు గుండె లయ తప్పి ముందుగానే ఆగవచ్చునని చూపినవి. కనుక రెంటిని చూడవలెను.

ఎలుకల విషయమున ఇది సులభము కాదు. మన గుండె నిమిషమునకు సుమారు 72 సార్లు కొట్టుకొనగా, మెలకువగా ఉన్న ఎలుక గుండె 300 నుండి 450 సార్లు, చిట్టెలుక గుండె 500 నుండి 700 సార్లు కొట్టుకొనును. వ్రేలితో నాడిని లెక్కింపలేము. మనుష్యులకు వాడు పల్స్ ఆక్సీమీటరులలో పెక్కింటికి అంత వేగము అందదు. ప్రత్యేకముగా చేసినవి కావలెను. శ్వాసను రొమ్ము కదలికను బట్టి లెక్కింతురు. మత్తులో అది కొంత తగ్గుట సహజమే. సగముకన్న తగ్గిన అపాయము. తెల్ల ఎలుక పాదములు గులాబి రంగున ఉండవలెను; నీలిరంగు తిరిగిన ప్రాణవాయువు చాలలేదని అర్థము. కాలివ్రేలిని నొక్కినపుడు కాలు లాగుకొన్నచో మత్తు చాలలేదన్నమాట.

మూడవ గుర్తు ఉష్ణోగ్రత. గ్లాసులోని పాలు బిందెలోని పాలకన్న త్వరగా చల్లారును. అట్లే 25, 30 గ్రాముల చిట్టెలుక దేహము త్వరగా వేడిని కోల్పోవును. మత్తు ఆ వేడిని నిలుపుకొను శక్తిని అణచును. చల్లబడిన దేహములో మందు మెల్లగా విరుగును, మెలకువ ఆలస్యమగును, ప్రాణమే పోవచ్చును. అందుచే వెచ్చని మెత్తపై ఉంచి, ఉష్ణమాపకముతో 37 డిగ్రీల సెంటిగ్రేడుకు దగ్గరగా నిలుపుదురు. బయట గిద్దలూరు మండువేసవివంటి ఎండయున్నను, చల్లబరచిన గదిలో ఈ జాగ్రత్త తప్పదు.

ఏ ప్రాణిని బాధింపకయే విద్యార్థులు ఈ పద్ధతిని అభ్యసింపవచ్చును. నిద్రించుచున్న మేకపిల్ల డొక్క కదలికలను 5 నిమిషములకొకసారి, ఒక్కొక్క నిమిషము లెక్కించి, మార్కాపురము పలకపై వరుసగా వ్రాయుడు. ఒక్క అంకె ఆ క్షణమును మాత్రమే తెలుపును. అంకెల వరుస, ప్రాణి ఎటు పోవుచున్నదో తెలుపును.