పాత పాటకి కొత్త పెట్టెలా?

పాలు పొంగకుండా ఒక కన్ను, ఇడ్లీ పాత్ర మీద ఒక కన్ను వేసి నేను తంటాలు పడుతుంటే హాల్లోంచి మావారి కేక. "ఏమోయ్, ఇక ఈ సెట్టుని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం. ఒకటే గరగర, వినలేకపోతున్నాం!"

మా ఇంట్లో సెట్టంటే పాటల సెట్టు. 1996లో మామయ్యగారు విజయవాడలో ఈ ఇల్లు కట్టించినప్పుడు గోడల్లో కరెంటు పైపులతో పాటు పాటల వైర్లకీ పైపులు వేయించారట. హాల్లో ఒక యాంప్లిఫయరు, పక్కన రెండు పెద్ద స్పీకర్లు. అక్కణ్ణించి వంటింటికొకటి, అత్తయ్యగారి గదికొకటి, వెనక వరండాకొకటి. ప్రతి గదిలోనూ గోడ మీద ఫ్యాన్ రెగ్యులేటరులాంటి నాబ్. తిప్పితే ఆ గదిలో మాత్రమే పాట పెరుగుతుంది, తగ్గుతుంది. "ఇదేం ఇల్లండీ, రైల్వేస్టేషనా?" అని చుట్టాలు నవ్వేవారట.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో తెల్లారి అయిదున్నరకల్లా మామయ్యగారు రేడియో పెట్టేవారు. రేడియో అయ్యాక ఘంటసాల, ఆ తర్వాత బాలమురళి. ఇల్లంతా ఆయనకి నచ్చినవే. నాలుగో రోజునో అయిదో రోజునో వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఎక్కువనిపిస్తే ఈ నాబ్ తిప్పుకో. ఇది నీ వైపుది. మమ్మల్ని అడగక్కర్లేదు" అన్నారు. అత్తవారింట్లో 'అడగక్కర్లేదు' అన్న మాట నేను విన్నది అదే మొదటిసారి. ఏం వినాలన్నది నా చేతిలో లేకపోయినా, ఎంత వినాలన్నది నా చేతిలోనే ఉండేది. కొత్తకోడలికి అదేం తక్కువా?

మామయ్యగారు వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. సెట్టుకీ వయసు మీద పడింది. హాల్లో ఒక స్పీకరు గరగర, యాంప్లిఫయరు గుయ్యిమని ఒకటే రొద. వంటింటి నాబ్ తిప్పితే చిటపటలు, నా పోపులో ఆవాలే నయం! మావారి మాటలో తప్పేం లేదు. ఆయన ఎంచుకున్నవి వైర్లు లేని కొత్తరకం స్పీకర్లు. గదికొకటి పెడితే ఇంట్లోని వైఫైతోనే పనిచేస్తాయి, ఫోన్లోంచే అన్నీ నడిపించుకోవచ్చు. అన్ని గదులకీ కలిపి లక్ష దాటుతుంది.

వారం రోజుల ముచ్చట

షాపువాళ్ళు వారం రోజులు వాడి చూడమని రెండు ఇచ్చారు. మా పెద్దాడు పది నిమిషాల్లో బిగించేశాడు. ఒకటి హాల్లో, ఒకటి నానమ్మ గదిలో. ఆ గదిలో పాత స్పీకరు వైరు ఊడదీసి పక్కన పెట్టాడు. ఉన్నమాట చెప్పొద్దూ, ఆ నాదం ఎంత బాగుందో! వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపించింది. నేనూ మనసులో సరేననుకున్నాను.

మూడోరోజు మావారు క్యాంపుకని విశాఖపట్నం వెళ్ళారు. ఆ స్పీకర్లని నడిపే యాప్ ఉన్నది ఆయన ఫోన్లో. పెద్దాడికి పరీక్షలు, ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే. నా ఫోన్లో వేసుకుందామని చూస్తే, నా ఫోను మరీ పాతదట, ఆ యాప్ ఎక్కనే ఎక్కదట! సరేలే, నాలుగు రోజులే కదా అని ఊరుకున్నాను.

రెండోరోజు పొద్దున్న కాఫీ పట్టుకుని అత్తయ్యగారి గదికి వెళ్ళాను. ఆవిడకి డెబ్భయ్యారేళ్ళు. నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. మంచం పక్కన నిలబడి గోడ మీది నాబ్‌ని ఇటూ అటూ తిప్పుతున్నారు. నా అడుగుల చప్పుడు విని చెయ్యి గబుక్కున తీసేసుకున్నారు. "నిన్నట్నించీ పలకట్లేదే అమ్మాయ్. నేనే గట్టిగా తిప్పి పాడు చేశానేమో. అబ్బాయితో చెప్పకు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మామయ్యగారు పోయాక ఆవిడకి తెల్లవారిందని చెప్పేది ఆ పాటే. ఒకరోజంతా అది లేకుండా గడిపి, తప్పు తనదేననుకున్నారు. కొత్త స్పీకరు మీద మీటలు లేవా అంటారేమో. ఉన్నాయి. అద్దంలా నున్నగా ఉంటాయి, వేలు తగిలితే చాలు. కళ్ళున్నవాళ్ళకి అది సుఖమే. తడిమి వెతుక్కునేవాళ్ళకి మాత్రం మీట ఎక్కడుందో తెలిసేలోపు పాట ఆగిపోతుంది.

ఆ వైరు తిరిగి తగిలించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. పాటతో పాటు గరగరా వచ్చింది. ఆవిడ మొహం విప్పారింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినట్టే

అప్పుడే అనుకున్నాను, కొనేది మావారయినా కనుక్కునే పని నేను చేద్దామని. యాంప్లిఫయరునీ గరగరలాడే స్పీకరునీ ఆటోలో వేసుకుని గవర్నరుపేటలో ఒక రిపేరు షాపుకి వెళ్ళాను. ఆ పెద్దాయన మూత విప్పి ఒక్కొక్కటే చూపించారు. స్పీకరులో కాగితపు గిన్నె చుట్టూ నురుగులాంటి మెత్తటి స్పాంజి అంచు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, మన ఉక్కకీ తేమకీ అది పొడిపొడిగా రాలిపోతుంది. గరగర అందువల్లే. అంచు మారిస్తే చాలు, స్పీకరు పారెయ్యక్కర్లేదు. యాంప్లిఫయరు రొదకి కారణం ఎండిపోయిన కెపాసిటర్లు. అవీ మార్చొచ్చు. నాబ్ చిటపటలకి కారణం లోపల పేరుకున్న దుమ్మూ జిడ్డూ. వంటింట్లో జిడ్డుకి కొదవేముంది! ఒక స్ప్రే కొట్టి నాలుగుసార్లు తిప్పితే పోతుందట.

"అమ్మా, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఉంటే కొత్తది కొనుక్కోమనేవాణ్ణి. ఇది గట్టిగా ఉంది" అన్నారాయన. మొత్తం ఆరువేల అయిదొందలకి ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చి కొత్తరకం స్పీకర్ల సంగతీ చదివాను. వాటిలో ప్రతిదాన్లోనూ చిన్న కంప్యూటరు ఉంటుంది. స్పీకరు చెడకపోయినా ఆ కంప్యూటరు పాతబడుతుంది. ఇలా గదిగదికీ పాట వినిపించే స్పీకర్లకి పేరుపడ్డ అమెరికా కంపెనీ సోనోస్. 2020 జనవరిలో వాళ్ళు తమ పాత మోడళ్ళు కొన్నిటికి మే నెల నుంచి కొత్త సాఫ్ట్‌వేరు ఇవ్వమని ప్రకటించారు. కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. రెండు రోజులకే కంపెనీ పెద్ద క్షమాపణ చెప్పి, పాతవి ఇప్పటిలాగే పనిచేస్తాయనీ, తప్పులు దిద్దడం వీలైనన్నాళ్ళు కొనసాగిస్తామనీ హామీ ఇచ్చాడు. మళ్ళీ 2024 మేలో ఆ కంపెనీయే యాప్ మొత్తం మార్చేస్తే, అలారంలాంటి అలవాటైన సదుపాయాలు అందులో కనిపించక జనం మండిపడ్డారు. గోడకున్న స్పీకరు గోడకున్నట్టే ఉంది, దాన్ని నడిపే తాళంచెవి మాత్రం ఎక్కడో ఉంది. మా పాత సెట్టుకి ఆ బెంగ లేదు. దాని రోగం ఊళ్ళోనే కుదురుతుంది.

మీరేం చెయ్యాలి?

అలాగని కొత్తవి వద్దనను. గోడల్లో వైర్లు లేని ఇంట్లో, అద్దె ఇంట్లో, గోడలు పగలగొట్టడం కన్నా అవే నయం. కొనేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కంపెనీ సాఫ్ట్‌వేరు ఎన్నేళ్ళు ఇస్తానంటోంది? ఇంటర్నెట్ పోయినప్పుడు ఏదైనా వినిపిస్తుందా? ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఆ యాప్ ఎక్కుతుందా? ఫోనే వాడని మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు పాట పెట్టుకోగలరా? ఆ ఆఖరి ప్రశ్న షాపులో ఎవరూ అడగరు, మనమే అడగాలి.

పాతదాన్ని బాగుచేయించుకునేవాళ్ళకీ ఒక జాగ్రత్త. యాంప్లిఫయరుకి ఎడాపెడా స్పీకర్లు తగిలించకండి. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే నాలుగు ఓమ్‌లు అవుతాయి, నాలుగు కలిపితే రెండే. అంత భారం మోయలేని యాంప్లిఫయరు వేడెక్కి కాలిపోతుంది. ఎన్ని ఓమ్‌ల వరకూ తగిలించొచ్చో యాంప్లిఫయరు వెనకే రాసి ఉంటుంది, చూసుకోండి.

మావారు క్యాంపు నుంచి వచ్చాక అత్తయ్యగారు అన్న మాట చెప్పాను. ఆవిడ వద్దన్నా సరే, దాచలేకపోయాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఆ నాబ్‌లు ఎందుకు పెట్టించారో నేనెప్పుడూ ఆలోచించలేదోయ్" అన్నారు. కొత్త స్పీకర్లు తిరిగి షాపుకి వెళ్ళాయి. పదిహేను వందలు పెట్టి ఒక చిన్న బ్లూటూత్ పెట్టె కొని పాత యాంప్లిఫయరుకే తగిలించారు. ఇప్పుడు పెద్దాడు తన ఫోన్లోంచి తనకి నచ్చినవి పెడతాడు. అవి మా చెవులకి ఎక్కువైతే నాబ్‌లు ఉండనే ఉన్నాయి.

ఇంకో చిన్న మార్పు కూడా జరిగింది. పదిహేనేళ్ళుగా ఎంత వినాలన్నదే నా చేతిలో ఉండేది. ఈమధ్య మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఏం వినాలన్నదీ నేనే నిర్ణయిస్తున్నాను. మొన్న నాకిష్టమైన పాట పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అత్తయ్యగారి గదిలోనూ అదే పాట కొంచెం కొంచెంగా పెరిగింది.

ఆవిడ నాబ్ తిప్పారన్నమాట!