మందుల కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి

షుగరు ఓ.పి. రోజున మన ఆసుపత్రి వరండా తెల్లవారేసరికే నిండిపోతుంది. పరగడుపున రక్తం ఇచ్చి, టిఫిను తిని, మళ్ళీ రక్తం ఇచ్చి, డాక్టరుగారిని చూసేసరికి మధ్యాహ్నం అవుతుంది. మందుల కిటికీ దగ్గరకు వచ్చేసరికి అందరికీ బస్సు తొందర. సంచి చేతిలో పడగానే వెళ్ళిపోతారు. కాని చాలా పొరపాట్లు ఆ కిటికీ దాటిన తర్వాతే జరగడం మేము చూస్తున్నాము.

ఒక పెద్దావిడను ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడుతుండగా తీసుకువచ్చారు. రక్తంలో షుగరు 42 ఉంది. గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు. ఆవిడ సంచిలో రెండు రకాల మాత్రలున్నాయి. ఒకటి ఇక్కడ ఇచ్చినది, రెండవది ఊళ్ళో కొన్నది. మన ఫార్మసిస్టు అట్టల వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివి, "అమ్మా, పేర్లు వేరైనా రెండూ ఒకటే మందు, గ్లిమిపిరైడ్" అన్నారు. "రంగులు వేరు కదయ్యా, ఒకటి బలానికి అనుకున్నాను" అన్నారావిడ. ఆ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది కనుక రాత్రంతా వార్డులోనే ఉంచి చూడవలసి వచ్చింది.

ఫార్మసిస్టు మందులు లెక్కపెట్టి ఇచ్చే మనిషి మాత్రమే కాదు. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం కూడా వారి విధి అని మన దేశంలో 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి మొహమాటం లేకుండా అడగండి. మోతాదు మార్చేది మాత్రం డాక్టరుగారే.

ఈ సంగతులు తప్పక అడిగి తెలుసుకోండి:

1. ఏ మాత్ర ఎప్పుడు? గ్లిమిపిరైడ్ వంటివి భోజనానికి ముందు వేసుకోవాలి, వేసుకున్నాక భోజనం మానకూడదు. మెట్‌ఫార్మిన్ భోజనంతో గాని, తిన్న వెంటనే గాని వేసుకుంటే కడుపులో వికారం తగ్గుతుంది.

2. సీసాకు తగిన సిరంజి ఏది? ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది అని రెండు రకాలుగా దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు ఎక్కి ప్రాణాపాయం కలుగుతుంది.

3. ఎక్కడ దాచాలి? తెరవని సీసాను ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐసు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను తడి తగలకుండా డబ్బాలో పెట్టి, నీళ్ళున్న మట్టికుండలో, నీడన ఉంచండి. తెరిచిన సీసాను సాధారణంగా 28 రోజులకు మించి వాడరాదు.

4. వేరే మందులు వాడవచ్చునా? స్టెరాయిడ్ మాత్రలు షుగరును పెంచుతాయి. కొన్ని దగ్గు సిరప్‌లలో చక్కెర ఉంటుంది. ఒళ్ళునొప్పుల మాత్రలు అదేపనిగా మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నాటుమందు వాడుతున్నా దాచవద్దు.

5. ఉపవాసం ఉండవచ్చునా? ఉపవాస ప్రార్థన రోజున భోజనం మాని, అలవాటుగా మాత్ర మాత్రం వేసుకుని సాయంత్రానికి పడిపోయినవారున్నారు. ముందుగానే మాతో చెప్పండి, డాక్టరుగారిని అడిగి ఏర్పాటు చేస్తాము.

వణుకు, చెమట, గుండెదడ, విపరీతమైన ఆకలి షుగరు తగ్గిందనడానికి గుర్తులు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసి, ఇంకా 70 కంటే తక్కువగానే ఉంటే ఇంకొకసారి ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వచ్చే ఓ.పి.కి ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. ఒక బస్సు తప్పిపోతే ఇంకొక బస్సు వస్తుంది. మీ సంచి విప్పి చూడడానికి మేము, మన ఫార్మసిస్టు సిద్ధంగా ఉంటాము.