సేవ తరువాత చదువు, చదువుతోపాటు సేవ

అమెరికా ప్రభుత్వం నడిపే పీస్ కోర్ అనే సంస్థ తరఫున పరాయి దేశాల్లో పనిచేసి తిరిగివచ్చిన వలంటీర్లకు, డిగ్రీ తరువాతి ఉన్నత చదువుల కోసం అమెరికన్ విశ్వవిద్యాలయాలు అందించే ఆర్థిక సహాయాన్ని పాల్ డి. కవర్డెల్ ఫెలోషిప్ అంటారు. పైకి ఇది చేసిన సేవకు దక్కిన బహుమతిలా కనిపించినా, నిబంధనలను పరిశీలిస్తే, విదేశంలో సంపాదించిన అనుభవాన్ని స్వదేశంలోని పేదల కోసం మరికొంతకాలం వెచ్చించాలన్న షరతే దీనికి ప్రాణమని తెలుస్తుంది.

అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ 1961 మార్చి 1న ఒక ఉత్తర్వు ద్వారా పీస్ కోర్‌ను నెలకొల్పగా, అదే ఏడాది సెప్టెంబరులో అమెరికన్ కాంగ్రెసు దానికి చట్టరూపం ఇచ్చింది. ఇందులో చేరినవారు సుమారు మూడు నెలల శిక్షణ, రెండేళ్ల సేవ కలిపి 27 నెలలపాటు, తమను ఆహ్వానించిన దేశంలో స్థానికుల మధ్యనే నివసిస్తూ, వారి భాష నేర్చుకుని, బోధన, ఆరోగ్యం, వ్యవసాయం వంటి రంగాల్లో పనిచేస్తారు. వారికి జీతం ఉండదు, బతకడానికి సరిపడే భృతి ఉంటుంది. ఇంతవరకు 140కి పైగా దేశాల్లో 2,40,000 మందికి పైగా ఈ విధంగా పనిచేశారు. భారతదేశంలో వీరి సేవలు 1961 నుంచి 1976 వరకు సాగాయి; జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్, కుమారుడు అమెరికా అధ్యక్షుడు కావడానికి పదేళ్ల ముందు, 68 ఏళ్ల వయసులో బొంబాయి దగ్గరి విక్రోలీకి నర్సుగా వచ్చింది ఈ సంస్థ తరఫునే.

పీస్ కోర్ చట్టం సంస్థకు మూడు లక్ష్యాలను నిర్దేశించింది. అవసరమైన దేశాలకు నైపుణ్యం గల మనుషులను పంపడం, అమెరికన్ల గురించి ఆ దేశాల ప్రజలకు అవగాహన కలిగించడం అనే మొదటి రెండూ విదేశంలో నెరవేరేవి కాగా, ఇతర దేశాల ప్రజల గురించి అమెరికన్లకు అవగాహన పెంచడమనే మూడో లక్ష్యం వలంటీరు ఇల్లు చేరిన తరువాతే పూర్తిగా నెరవేరుతుంది. ఫెలోషిప్‌కు పునాది ఈ మూడో లక్ష్యంలోనే ఉంది.

న్యూయార్కు నగర ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుల కొరత ఉన్న కాలంలో, 1985లో, కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీ ఈ ప్రయత్నానికి నాంది పలికింది. తిరిగివచ్చిన వలంటీర్లు ఆ బడుల్లో జీతంపై పాఠాలు చెబుతూనే మాస్టర్స్ డిగ్రీ పూర్తిచేసేవారు. పుస్తకాలు చాలని తరగతి గదిలో, తనకు అంతంతమాత్రంగా వచ్చిన భాషలో పిల్లలకు చదువు చెప్పి వచ్చిన మనిషికి, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని వలస కుటుంబాల పిల్లల తరగతి కొత్తేమీ కాదు కనుక ఆ ఏర్పాటు కుదిరింది. ఇతర విశ్వవిద్యాలయాలూ అదే బాట పట్టాయి. జార్జియా సెనేటరు, 1989–91 మధ్య పీస్ కోర్ డైరెక్టరుగా పనిచేసిన కవర్డెల్ 2000లో మరణించగా, ఆ తరువాత ఈ పథకానికి ఆయన పేరు పెట్టారు.

నేడు వందకు పైగా విశ్వవిద్యాలయాలు ఇందులో భాగస్వాములు. పీస్ కోర్ అర్హతలను, ఒప్పందాలను పర్యవేక్షిస్తుందే తప్ప, ఫీజు తగ్గింపు, నెలవారీ స్టైపెండ్, అసిస్టెంట్‌షిప్, అంటే విభాగంలో కొన్ని గంటల పనికి ఇచ్చే పారితోషికం, వీటిలో ఏది ఎంత ఇవ్వాలో నిర్ణయించేది ఆయా విశ్వవిద్యాలయాలే. అందువల్ల ఒకచోట ఫీజు దాదాపు మొత్తం మాఫీ అయితే, మరొకచోట అందులో చిన్న భాగమే తగ్గవచ్చు. ఇంత తేడా ఉన్న సహాయాలన్నింటికీ ఒకే పేరు పెట్టడం విద్యార్థిని పొరపాటు పడేలా చేసేదే.

ఎక్కడ చేరినా తప్పనిది మాత్రం ఇంటర్న్‌షిప్. సౌకర్యాలు అంతగా అందని అమెరికన్ ప్రాంతంలో, చదివే విషయానికి సంబంధించిన పని చేయాలి. ఇల్లినాయ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సామాజికాభివృద్ధి చదివేవారు తరగతులు ముగించి 11 నెలలు ఏదైనా స్థానిక సంస్థలోనో, పురపాలక కార్యాలయంలోనో పనిచేస్తారు. విదేశంలో ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించడం నేర్చినవారు, పరిశ్రమలు మూతపడి జనం తగ్గిపోతున్న చిన్న పట్టణంలోనూ ఆ ఓర్పుతోనే పని మొదలుపెట్టాలి. ఫీజు రాయితీ కంటే ఈ 11 నెలలకే విలువ ఎక్కువ.

మరో వెసులుబాటు కాలపరిమితి లేకపోవడం. సేవ ముగిసిన ఎన్నేళ్లకైనా, సంతృప్తికరంగా పూర్తిచేసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. సేవను చదువులోనే భాగం చేసిన మాస్టర్స్ ఇంటర్నేషనల్ అనే మరో పథకం 1987లో మొదలై 2016లో ముగిసిపోగా, ఇది నిలిచింది. అయితే విద్యారుణం మెడకు చుట్టుకున్న యువకుడు జీతం లేని రెండేళ్లకు సాహసించడం కష్టమే. ఆ తొలి గడప దాటడానికి ఈ ఫెలోషిప్ తోడ్పడదు.

పీస్ కోర్‌లో చేరడానికి 18 ఏళ్లు నిండిన అమెరికా పౌరులే అర్హులు కాబట్టి, విద్యార్థి వీసాపై వెళ్లినవారికీ, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారికీ ఈ దారి లేదు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలు మాత్రం దీన్ని ఆలోచించవచ్చు. వారు సీటు ఒప్పుకునే ముందే ఫీజులో ఎంత తగ్గుతుందో, ఇంటర్న్‌షిప్‌కు భృతి ఉంటుందో లేదో విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.