పెద్దప్రేగు కేన్సరు: దాచుకొనరాని మాట

మన ఇండ్లలో పంటినొప్పి వచ్చినను, మోకాలు వాచినను నలుగురితో చెప్పుకొందుము. మలములో రక్తము కనబడినదని మాత్రము కట్టుకొన్నవారితోనైనను చెప్పుటకు వెనుకాడుదుము. వేడిచేసినదనియో, మొలలనియో తలచి మజ్జిగ త్రాగి ఊరకుందుము. పెక్కుసారులు అవి మొలలే కావచ్చును. కాని పెద్దప్రేగు కేన్సరు కూడ మొదట ఆ గుర్తుతోనే బయటపడవచ్చును.

మనవంటి కుటుంబములకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో. తాతగారి మాటను వైద్యునకు తెలుపవలసినవాడు మన పాఠశాలలో చదువుకొను మనుమడు. పిల్లవాని యెదుట ఆ మాట పలుకుటకు తాతగారికి సిగ్గు. కడుపులో బాగుండలేదని మాత్రమే చెప్పును. మనుమడు దానిని కడుపునొప్పిగా అనువదించును. వైద్యుడు కడుపునొప్పికి మాత్ర వ్రాయును. ఇట్లు నెలలు గడచిపోవును. అందుచేత ఈ వ్యాధిని గూర్చి వైద్యశాస్త్రము కనుగొన్న ముఖ్యవిషయములను తల్లిదండ్రులకు తెలుగులో విన్నవింపదలచితిమి.

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవు గల గొట్టము. దాని చివరిభాగము మలాశయము. లోపలి పొరలోని కణములు అరిగిపోవుచు, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. కణములోని జన్యువులు కొన్ని చెడినచో, ఒకచోట కణములు అవసరమునకు మించి పెరిగి చిన్న బొడిపె ఏర్పడును. దీనిని పాలిప్పు అందురు. పాలిప్పులలో చాలవఱకు కేన్సరుగా మాఱవు. మాఱునవి కూడ ఒక్క రాత్రిలో మాఱవు. ఒక జన్యువు తరువాత మరియొకటి చెడుచు మెట్లుమెట్లుగా ఈ మార్పు జరుగునని 1990లో అమెరికాకు చెందిన ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. ఇందుకు సాధారణముగా పదేండ్లో, అంతకు మించియో పట్టును. వైద్యునకును, రోగికిని దొరకు గడువు ఇదియే.

ఈ గడువును వినియోగించుకొను సాధనములు రెండు ముఖ్యమైనవి. మొదటిది కొలనోస్కోపు. ఇది చివర దీపము, కెమెరా గల మెత్తని సన్నని గొట్టము. ముందురోజు విరేచనపు మందు త్రాగించి ప్రేగును శుభ్రపఱచి, మగత కలుగుటకు మందిచ్చి, ఆసనమార్గమున దీనిని పంపి పెద్దప్రేగునంతటిని చూతురు. 1969లో న్యూయార్కు నగరమున విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అను వైద్యులు పొట్ట కోయకయే, ఈ గొట్టము గుండ ఉచ్చు వంటి తీగను పంపి పాలిప్పును తీసివేసిరి. నాటినుండి ఈ పరీక్ష వ్యాధిని కనిపెట్టుటయే గాక, రాకముందే అడ్డగించు ఉపాయము కూడ అయినది.

రెండవది మలపరీక్ష. కంటికి కనబడని రక్తమును ఇది పట్టియిచ్చును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 46,000 మందికి పైగా స్త్రీపురుషులతో జరిపిన పరిశోధన ఫలితములు 1993లో వెలువడినవి. ఏటేట ఈ పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ కేన్సరు వలని మరణములు మూడింట ఒకవంతు తగ్గినవని తేలినది. ఇంట కొంచెము మలమును చిన్న సీసాలో తీసి యిచ్చిన చాలును. రక్తము కలదని తేలినంత మాత్రమున కేన్సరని కాదు. కొలనోస్కోపుతో చూడవలెనని మాత్రమే అర్థము.

ఇక వంశము మాట. 1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు వైద్యుడు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, ఆయన ఇంటికి బట్టలు కుట్టు స్త్రీ యొకతె, తన వారిలో చాలమంది కేన్సరుతోనే పోయిరనియు, తానును అట్లే పోవుదుననియు చెప్పెను. ఆమె చెప్పినట్లే జరిగినది. వార్తిన్ ఆ కుటుంబపు వివరములను సేకరించి 1913లో ప్రకటించెను. పిదప హెన్రీ లించ్ అను వైద్యుడు ఆ మార్గముననే పరిశోధించెను. 1993లో మూలమైన జన్యువులలో మొదటిది దొరకినది. నేడు దానిని లించ్ సిండ్రోము అందురు. ఒక కుట్టుపని స్త్రీ దాచక చెప్పిన మాట ఇంతవఱకు వచ్చినది. తల్లికో, తండ్రికో, తోబుట్టువునకో ఈ వ్యాధి వచ్చియున్నచో, 40వ ఏట, లేక వారికి వ్యాధి బయటపడిన వయస్సుకు పదేండ్ల ముందు, ఈ రెంటిలో ఏది ముందైన అప్పటినుండి పరీక్ష మొదలిడవలెనని వైద్యులు సాధారణముగా చెప్పుదురు.

వ్యాధి నిర్ధారణ యైన పిదప అది ఎంతవఱకు ప్రాకినదో చూతురు. ప్రేగుగోడకే పరిమితమైనదా, ప్రక్కనున్న గ్రంథులకు చేరినదా, కాలేయము వంటి దూరపు అవయవములకు పోయినదా అను దానిని బట్టి చికిత్స మాఱును. అమెరికా లెక్కలలో, వ్యాధి ప్రేగు దాటకముందే బయటపడినవారిలో నూటికి ఇంచుమించు 90 మంది అయిదేండ్లకు మించి జీవించుచున్నారు. దూరమునకు ప్రాకిన పిదప తెలిసినవారిలో ఆ సంఖ్య 15 ప్రాంతమే.

చికిత్సలో ముఖ్యము శస్త్రచికిత్స. మలాశయపు గడ్డను చుట్టునున్న క్రొవ్వుపొరతో చెదరకుండ తీయు పద్ధతిని ఇంగ్లండులో బిల్ హీల్డ్ 1982లో ప్రకటించిన పిదప, అదే చోట వ్యాధి తిరుగబెట్టుట చాల తగ్గినది. కొందఱికి పొట్టపై ద్వారము చేసి మలము సంచిలో పడునట్లు ఏర్పాటు చేయుదురు. పెక్కుమందికి ఇది కొన్ని నెలలకే. అవసరమును బట్టి మందులు, కిరణచికిత్స జోడింతురు. 1957లో వెలుగుచూచిన ఫ్లోరోయురాసిల్ అను మందు నేటికిని వాడుకలో నున్నది. ఒక ప్రత్యేక జన్యులోపము గల మలాశయ కేన్సరు రోగులలో 12 మందికి డోస్టార్లిమాబ్ అను మందిచ్చి చూడగా, అందఱిలోను గడ్డ కనబడకుండ పోయినదని 2022లో ప్రకటించిరి. ఆ లోపము గలవారు కొద్దిమందియే గావున, ఇది అందఱికిని మందని భ్రమపడరాదు.

మలములో రక్తము, మూడు వారములకు మించి విరేచనపు అలవాటులో మార్పు, పోయి వచ్చినను ఇంకను మిగిలినట్లు తోచుట, కారణము తెలియని రక్తహీనత, బరువు తగ్గుట: వీనిలో ఏది కనబడినను వైద్యుని చూడవలెను. వయస్సు చిన్నదని ఊరకుండరాదు. నలువది నిండనివారికిని ఈ వ్యాధి వచ్చుచున్నది.

ఆసుపత్రికి పోవునాడు పెద్దవారెవరైనను వెంట పోయి మాట్లాడుట మేలు. అట్టివారు లేనిచో ఒక ఉపాయము చెప్పుదుము. రక్తము ఎన్నాళ్లనుండి పడుచున్నది, ఎఱ్ఱనిదా నల్లనిదా, దినమునకు ఎన్నిసారులు, బరువు ఎంత తగ్గినది, వంశమున ఎవరికైన వచ్చినదా అను సంగతులను ముందుగనే తెలుగులో ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. నోట పలుకలేని మాటను చేయి వ్రాయగలదు. మన బడిలో తెలుగు నేర్చిన బాలుడు దానిని చదివి, ఒక్క ముక్క విడువక, అచటి భాషలో వైద్యునకు చెప్పగలడు.